రాస్కెల్ మాటకు నేను రాసిచ్చిన అర్థం

ఇరవై రెండేళ్లుగా జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఇల్లు మదనపల్లెలో, ఉద్యోగం పుంగనూరులో. టమోటా లారీలు అడ్డం పడని రోజున బస్సు ప్రార్థనకు ముందే చేరుస్తుంది, పడిన రోజున ప్రార్థన అయ్యాక చేరుస్తుంది. పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు కుడి మూలలో ఒక ఇంగ్లీషు మాట రాసి, అది ఎక్కడ పుట్టి ఏయే దేశాలు తిరిగి మన దాకా వచ్చిందో చెప్పడం నాకున్న వ్యసనం. ఇది పరీక్షలో రాదని పిల్లలకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఆ ఐదు నిమిషాలూ వాళ్లు కిటికీలోంచి చూస్తారు.

శ్రద్ధగా వినేవాడు ఒక్కడే ఉండేవాడు. మా అటెండర్. చౌడేపల్లె దగ్గరి పల్లె ఆయనది. ఇంట్లో రెండు ఆవులు. పొద్దున్నే పాలు పోసి, ఆటో పట్టుకొని వచ్చి కాలేజీ తాళాలు తీసేవాడు. తెలుగు చదవడం, రాయడం వచ్చు, ఇంగ్లీషు రాదు. డస్టర్ పట్టుకొని నా క్లాసు బయట నిలబడి, "ఈ పొద్దు ఏం మాట సార్?" అనేవాడు. పెన్సిల్ అంటే మొదట్లో చిన్న తోక అని అర్థమని, కుంచెను అట్లా పిలిచేవారని ఒకసారి చెప్పాను. "అయితే ఇన్నేండ్లు మనం తోకలతో రాస్తాండామా సార్?" అని ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. మరుసటి రోజు తన ఊళ్లో ఎవరెవరికి చెప్పిందీ నాకు లెక్కగా చెప్పాడు. నా చదువుకు దక్కిన గౌరవంలో పెద్ద వాటా ఆ మనిషి ఇచ్చిందే.

ఆయన రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలు ఉందనగా తల్లిదండ్రుల మీటింగు ఒకటి పెట్టారు. ప్రిన్సిపాల్ కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడని నేను అనను. వచ్చిన నెలలోనే ఆడపిల్లల బాత్‌రూములకు నీళ్లు తెప్పించాడు, ల్యాబులో పగిలిన బీకర్లు మార్పించాడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆ రోజు వేదిక మీద ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. కార్లలో వచ్చినవాళ్లు. హాల్లో పల్లెల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. మిట్టమధ్యాహ్నం. అటెండర్ ట్రేలో నీళ్ల గ్లాసులు పెట్టుకొని లోపలికి వచ్చి, వేదిక వైపు పోకుండా నేరుగా వెనక బెంచీల దగ్గరికి నడిచాడు. అక్కడ ఒక ముసలామె కొంగుతో విసురుకుంటూ కూర్చుని ఉంది. ఎండన పడి వచ్చినవాళ్లకు ముందు నీళ్లివ్వడం మా పల్లెల్లో ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. కాళ్లు వాటంతట అవే అటు పోతాయి.

ప్రిన్సిపాల్ వేదిక దిగి వచ్చి, దారిలోనే ఆయన్ని ఆపి, "యూ రాస్కెల్" అన్నాడు. గెస్టులకు ముందు ఇవ్వాలని తెలీదా అన్నాడు. నేను నాలుగడుగుల దూరంలో, రిజిస్టర్ పట్టుకొని సంతకాలు పెట్టిస్తున్నాను. అంతా విన్నాను, చూశాను. అటెండర్ ట్రేను వెనక్కి తిప్పుకొని వేదిక మీదికి తీసుకెళ్లాడు. ముసలామెకు నీళ్లు ఎవరిచ్చారో, అసలు ఎవరైనా ఇచ్చారో లేదో నాకు గుర్తులేదు. నేను మాత్రం ఇవ్వలేదు.

మూడో రోజున ఆయన ఒక కాగితం తెచ్చి నాకు చూపించాడు. పై అధికారులకు ఫిర్యాదు. తెలుగులో నాలుగే వాక్యాలు, గుండ్రటి అక్షరాలు. ఫలానా రోజు అందరి ముందర నన్ను రాస్కెల్ అన్నారు. నేను రాస్కెల్‌ను కాను. ముప్పై ఏండ్లలో నా మీద ఒక్క మాట లేదు. విచారించవలెను.

"నాలుగు నెలల్లో ఇంటికి పోతావు. ఇదంతా యాల నీకు?" అన్నాను.

"ఇంటికి పోయినాక ఆ ఊర్లోనే కదా సార్ ఉండాల్సింది. ఆ పొద్దు ఆడ కూసోనుండిన వాళ్లల్లో సగం మంది మా సుట్టుపక్కలోళ్లే. పాలు పోసే తావ నన్ను సూస్తానే మాటలు ఆపేస్తాండారు."

"ఏం కావాల నీకు? ఆయన్ను బదిలీ చేయాలనా?"

"బదిలీ యాల సార్, పాపం. అట్ల అనింది తప్పు అని కాగితం మీద ఒక మాట వస్తే సాలు. మా ఇంట్లో సూపిచ్చుకుంటా, మా ఊర్లో సూపిచ్చుకుంటా."

అడిగింది అంతే. అట్లాంటి మాట రాసివ్వడం పైవాళ్లకు కష్టమేమీ కాదు, వచ్చేస్తుందిలే అనుకున్నాను.

విచారణ అధికారిగా కుప్పం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నా సొంతూరు కుప్పమే కాబట్టి ముందు ఊరి మాటలు నడిచాయి. తెలుగులో మొదలుపెట్టి, అరవంలోకి దిగి, కన్నడంలో రెండు మాటలు కలిపి మళ్లీ తెలుగులోకి వచ్చే మా ఊరి పద్ధతిలోనే మాట్లాడుకున్నాం. తర్వాత ఆయన ఫైలు తెరిచాడు.

"సూడండి సార్, మాట అన్నానని ప్రిన్సిపాలే ఒప్పుకుంటాండాడు. కోపంలో నోరు జారిందేమో, అలవాటు మాట, మనసులో ఏం లేదు అంటాండాడు. ఇంగ లెక్చరర్ల తావ స్టేట్‌మెంట్లు తీసుకోను. మీరంతా రేపట్నుంచి ఆయన కిందనే కదా పని చెయ్యాల. అది తిట్టా, కాదా అనేదే తేలాల. మీరు ఇంగ్లీషు ఆయన. ఆ మాటకు అర్థం రాసీండి, సాలు."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే రెండు రోజులుగా నిద్ర సరిగా లేదు. నువ్వు అక్కడున్నావా, ఏం విన్నావు, ఏం చూశావు అని అడుగుతారేమోనని భయం. ఉన్నానంటే ప్రిన్సిపాల్‌తో చెడుతుంది, లేనంటే అబద్ధం. అడిగింది అర్థమే. అర్థం చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ ఆదివారం మదనపల్లె ఇంట్లో బల్ల మీద ఉన్న డిక్షనరీలన్నీ దించాను. కంప్యూటర్లో ఇంకొన్ని చూశాను. కాఫీ రెండుసార్లు చల్లారింది. నిజం చెప్పాలంటే, ఆ మధ్యకాలంలో అంత సుఖంగా గడిచిన ఆదివారం లేదు.

రాస్కెల్ ఇంగ్లీషులో పుట్టిన మాట కాదు. పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దానికి అలగా జనం, మంద అని అర్థం. అంతకు ముందు సంగతి గట్టిగా ఎవరూ చెప్పలేరు. గీకడం, గోకడం అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది ఊహ. గీకితే వచ్చేది, అడుగున మిగిలేది. సంగటి గిన్నె అడుగున గరిటెతో గీకితే లేచి వచ్చే మాడును ఎవరూ వడ్డించరు కదా, అట్లాంటిదన్నమాట. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అది ఒక మనిషిని తిట్టే మాట కూడా కాదు. గుంపుకు పెట్టిన పేరు. సైన్యం వెంట కాలినడకన పోయే పేరు లేని జనం. అదే కాలంలో వేటగాళ్లకు దానికి ఇంకో అర్థం ఉండేది. జింకల మందలో బక్కచిక్కినది, వేటాడి ప్రయోజనం లేనిది. ఇది చదివినప్పుడు కురబలకోట దగ్గర బస్సును ఆపేసి రోడ్డు దాటే గొర్రెల మందలు గుర్తొచ్చాయి. కొనేవాడు వచ్చి మందను ఒక చూపు చూసి, ఒకటి రెండింటిని కర్రతో పక్కకు తోస్తాడు. ఆ పక్కకు తోసిన దానికి పేరు పెడితే ఈ మాట సరిపోతుంది.

తర్వాత గుంపు పేరు ఒక్కొక్క మనిషి మీదికి దిగింది. నీచుడు అయింది. ఆ తర్వాత మోసగాడు అయింది. చిట్టచివరికి, మాటలు కూడా మనుషుల్లాగే వయసు మీద పడితే మెత్తబడతాయి కాబట్టి, అల్లరి పిల్లవాణ్ణి ముద్దుగా పిలిచే మాట అయింది. మన దగ్గర వెధవ కూడా ఇట్లాగే నడిచింది. భర్త పోయిన ఆడమనిషికి ఉన్న పేరును తీసుకొచ్చి మగవాళ్లను తిట్టడానికి వాడారు. ఇప్పుడు తాతలు మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని అదే మాట అంటారు. దొరలు బంట్రోతులను పిలవగా పిలవగా రాస్కెల్ ఈ దేశంలో వేరు పట్టి ఉంటుందని నా ఊహ. ఊహ అని కూడా రాశాను. నేను నిజాయితీపరుణ్ణి.

చివరి పేరా రాసేటప్పుడు నాన్న గుర్తొచ్చాడు. కుప్పంలో బట్టల కొట్టు నడిపేవాడు. ఇంగ్లీషు మొత్తం మీద ఆయనకు వచ్చినవి పది మాటలు ఉంటే, అందులో ఇది ఒకటి. మదనపల్లె హాస్టలు నుంచి సెలవులకు ఇంటికి పోతే గల్లాపెట్టె దగ్గరి నుంచి లేవకుండానే, "వచ్చినావా రాస్కెల్" అనేవాడు. ఆయన నన్ను అంతకంటే ప్రేమగా పిలిచింది లేదు. ఇప్పుడు ఆయన లేడు. ఆదివారం సాయంత్రం కళ్లు కాస్త తడిసిన మాట నిజమే. ఆ తడితోనే ఆఖరి వాక్యం రాశాను. నేటి వాడుకలో ఈ పదం పలు సందర్భాలలో చనువును, వాత్సల్యాన్ని కూడా సూచిస్తుంది అని.

ఇంగ్లీషు లెక్చరర్లకు ఒక జబ్బు ఉంటుంది. ఏ ప్రశ్న ఇచ్చినా ఒకవైపు సగం, ఇంకోవైపు సగం రాసి, చివర్లో మెత్తగా ముగించాలి. పిల్లలకు అదే నేర్పుతాం, అట్లా రాసినవాళ్లకే మార్కులు వేస్తాం. నేను కూడా అట్లాగే రాశాను. ఇంగ్లీషులో టైపు చేసిన రెండు పేజీలు తిరగేసి చదువుకుంటే ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఫ్రెంచి ఉంది, జింకలు ఉన్నాయి, సైన్యం ఉంది. ఆ హాలు లేదు. ట్రే పట్టుకున్న మనిషి లేడు.

నెల రోజులకు నివేదిక వచ్చింది. ఇంగ్లీషు అధ్యాపకుని అభిప్రాయం ప్రకారం అని మొదలుపెట్టి, నా ఆఖరి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. మొదటి ఒకటిన్నర పేజీ ఎక్కడా లేదు. కాబట్టి ఈ పదాన్ని దూషణగా పరిగణించనవసరం లేదని, ఫిర్యాదు ముగించడమైనదని తేల్చారు. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. మీ నాలెడ్జి గొప్పది సార్ అన్నాడు. నేను ఆ టీ తాగాను.

ఫిర్యాదు పోవడంతో అయిపోయి ఉంటే బాగుండేది. స్టాఫ్ రూములో వేళాకోళం మొదలైంది. ఎవరికీ ఆయన మీద పగ లేదు. సరదా మనుషులు, అంతే. "ఏం రాస్కెల్, టీ ఆలీసమైపోయిందే" అని ఒకాయన. "కోపం యాలప్పా, ముద్దు మాటని కాగితం మీదనే ఉండాది గదా" అని ఇంకొకాయన. ఒకసారి అందరూ నవ్వితే నేను కూడా నవ్వాను. నవ్వాక ఆయన వైపు చూశాను. గ్లాసులు ఏరుకుంటున్నాడు. ఆ రోజు నుంచి బోర్డు తుడవడానికి వచ్చేవాడు కానీ ఏం మాట అని అడిగేవాడు కాదు. నేను రాసిన మూలను కూడా మిగతా బోర్డుతో పాటే ఒక్క ఊపున తుడిచేసేవాడు. నాకది కోపంగా ఉండింది. మనిషి సంగతి తర్వాత, చదువు మీద అలగడమేమిటి అనుకున్నాను. అంత తెలివి తక్కువ మనిషిని నేను.

ఆఖరి నెలన్నరకు ఆయన సెలవు పెట్టేశాడు. రిటైరయ్యే రోజున శాలువా, దండ, ఫోటో ఉంటాయి కదా, దానికి కూడా రానని ఫోనులో చెప్పాడట. మాటంటే మాటే, రాడు అన్నారు అందరూ. మీరంటే ఆయనకు గురి, మీరు పోయి పిలుచుకొని రండి సార్ అని నా మెడకు చుట్టారు. ఒక శనివారం మధ్యాహ్నం క్లాసులు అయ్యాక పుంగనూరులో ఆటో ఎక్కాను.

ఇల్లు చిన్నదే. ముందర రేకుల కొట్టంలో రెండు ఆవులు కట్టేసి ఉన్నాయి. ఆయన భార్య వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. కూతురు మదనపల్లెలో డిగ్రీ ముగించి ఏదో పరీక్షకు చదువుకుంటున్నదట. నివేదిక ఇంగ్లీషులో రావడంతో ఇంట్లోవాళ్లకు చదివి చెప్పింది ఆ అమ్మాయే. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది. ఆమె ముఖంలో నా మీద ఎంత గౌరవం ఉందో చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఫంక్షన్ సంగతి ఎత్తాను. ఆయనకు బదులు భార్యే మాట్లాడింది.

"మీరే సెప్పండి సార్ ఈయప్పకు. పెద్దాయన ఏదో సనువుగా ఒక మాటంటే ఇంత రచ్చ సేస్తారా? ఊర్లో నగుతాండారు. ముద్దు సేసినందుకు కంప్లెయింట్ పెట్టినాడంట అని."

కూతురు కూడా తండ్రి వైపు చూస్తూ అంది. "నేను ఎన్నోసార్లు సెప్పినా సార్. మీరు రాసిన నోటు పూర్తిగా ఆఫీసు నుంచి తెప్పించుకోని సదివినా. శానా బాగుండాది. నాయనా, అది తిట్టు కాదు, నువ్వు అనవసరంగా మనసులో పెట్టుకున్నావు అంటే ఇనడు."

ఆయన నెమ్మదిగా తలెత్తాడు. కోపం లేదు. బోర్డు మీది మాట గురించి అడిగేటప్పుడు ఎట్లా చూసేవాడో అట్లాగే చూశాడు.

"సార్, మీరు ఆ పొద్దు ఆడనే ఉండారు కదా?"

"ఉండాను."

"రిజిస్టర్ పట్టుకోని నా పక్కనే ఉండారు. మీరు ఇన్నారు కదా?"

"ఇన్నాను."

కూతురు నా వైపు తిరిగింది. నేను హాల్లో ఉన్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు. రెండు పేజీల్లో ఎక్కడా లేదు మరి. గొంతు సవరించుకొని, చూడప్పా, నన్ను అడిగింది అర్థం మాత్రమే, మాట పాతకాలంలో వేరు, ఇప్పుడు వేరు, అందుకే రెండూ రాశాను అని మొదలుపెట్టాను.

"అర్థం వద్దు సార్," అన్నాడు. "అర్థం మీరు బాగా రాసినారు. నాకు వేరే ఏం వద్దు, శాలువ వద్దు. ఆ పొద్దు ఆయన ఎట్ల అన్నాడో అట్లనే ఒక్కసారి అనండి. వీండ్లు ఇనాల. ముప్పై ఏండ్లు నేను సెప్పిందల్లా నమ్మిన మనుషులు, ఇప్పుడు నమ్మడం లే."

నా వల్ల కాదన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు పెట్టాడు, ట్రే పట్టుకున్నట్టు. ఆ చేతులు చూశాక ఇంక కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచాను. ఆయన ఎదురుగా నిలబడి, ప్రిన్సిపాల్ ఆ రోజు ఎత్తినట్టే ఎడమ చెయ్యి ఎత్తి, వెనక బెంచీల వైపు చూపించినట్టు ఆవుల వైపు చూపించాను. పళ్లు బిగించాను. ఆ మాటను ఆ గొంతుతో, ఆ గట్టితనంతో అన్నాను. అని, ఆ తర్వాత ప్రిన్సిపాల్ అన్నది కూడా అన్నాను. "వాళ్లేమన్నా మనుషులా, ముందు వాళ్లకు పోస్తావా?" అని. నివేదికలో అది లేదు. అటెండర్ తన ఫిర్యాదులో కూడా రాసుకోలేదు, తన ఊరివాళ్లను అట్లా అన్నారని కాగితం మీద పెట్టడం ఇష్టం లేక. అంత దగ్గర నిలబడి విన్నవాళ్లలో రాయగలిగింది నేనొక్కణ్ణే.

కొట్టంలో ఆవు ఒకటి బెదిరి తాడు లాగింది. భార్య చేతిలోని అనపకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆయన చేతులు దించుకున్నాడు. కూతురి వైపు తిరిగి, "ఇన్నావా అమ్మా?" అన్నాడు.

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు.

"ఇన్నాను నాయనా," అంది.